బావ తెచ్చిన రేడియో

టైలరుకు బావ ఓ షార్ట్‌వేవ్ రేడియో కొనిపెట్టాడు. తనకూ అలాంటిదే కొనుక్కున్నాడు. బావ ఇంట్లో సముద్రాలవతలి స్టేషన్లు గంట కొట్టినట్టు పలికేవి. టైలరింట్లో ఒకటే బరబర.

"మంచిది తను ఉంచుకుని పాడైంది నాకు అంటగట్టాడు" అని టైలరు లోలోపల ఉడికిపోయాడు. బావనూ అక్కనూ రేడియోతో సహా పిలిచి, రెండు సెట్లూ మిషను పక్కన పెట్టి వినిపించాడు. రెండూ బరబరమన్నాయి.

"దారిలో నీదీ పాడుచేసుకొచ్చావా బావా?"

"పట్టపగలు ఈ లైటెందుకురా?" అంటూ అక్క మిషను మీది కొత్త లైటు ఆర్పింది. వెంటనే రెండు సెట్లలోనూ పరాయి భాషలో వార్తలు స్పష్టంగా వినిపించాయి. బరబరంతా ఆ లైటుదే.

బావ నవ్వి ఊరుకున్నాడు. అంత తేలిగ్గా ఎందుకు ఊరుకున్నాడా అని టైలరుకు మళ్లీ అనుమానం పట్టుకుంది.