మోకాలి సాక్ష్యం

మా తమ్ముడు సాల్మన్ విమానం ఎక్కకముందే మా ఊరివాళ్ళు వాణ్ణి గెలిపించేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పెదకాకాని సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎమ్మెల్యే గారి మొహం బండి చక్రమంత ఉంది, మావాడిది దాని ఇరుసంత. కింద ‘పోర్చుగల్‌ను వణికించబోతున్న గుంటూరు మిర్చి’ అని రాయించారు. పోర్చుగల్ ఏ దిక్కున ఉందో ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళలో ఒక్కడికీ తెలియదు. వణికింది మాత్రం నేను. వాడి ఎడమ మోకాలి అసలు సంగతి ఇంట్లో వాడు కాక నాకొక్కదానికే తెలుసు.

వాడు ఫుట్‌బాల్ ఆడటం నేర్చుకున్నది మిరపకల్లాల్లో. ఎండబోసిన కాయల మధ్య వదిలిన సందుల్లో ఆడేవాడు. బంతి పైకి లేస్తే ఎవరి కాయల్లోనో పడుతుంది, పడితే రైతు మా తాతముత్తాతల్ని కూడా వదలకుండా తిడతాడు. అందుకని వాడి కాలి దగ్గర బంతి నేలను వదిలేది కాదు. కారం ఘాటుకు కళ్ళు కారుతున్నా ఆపేవాడు కాదు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు ఇమాం హుస్సేన్ గారు అది చూసి, వాణ్ణి గోవాలో ఒక అకాడమీకి పంపించారు. అక్కణ్ణుంచి పోర్చుగల్లో ఒక క్లబ్బు వాళ్ళు రెండేళ్ళ ఒప్పందం మీద తీసుకున్నారు. అది రెండో వరసలో ఆడే చిన్న క్లబ్బని మావాడు చెబుతూనే ఉన్నాడు. ఏ చానలు వాడూ వినిపించుకోలేదు. మైకు మూతి దగ్గర పెట్టి, “ఎన్ని గోల్స్ కొడతావ్ సాల్మన్?” అని అడిగేవాళ్ళు. వాడు నవ్వేవాడు. పందొమ్మిదేళ్ళ వాడు ఇంకేం చేస్తాడు?

వెళ్ళడానికి కొద్ది నెలల ముందు సెలవులకు వచ్చాడు. స్నేహితులు లాక్కెళితే నరసరావుపేటలో ఒక టోర్నమెంటు ఆడాడు. గట్టి నేల మీద తిరగబోయి కూలబడ్డాడు. గుంటూరులో డాక్టరు స్కానింగు చూసి, లిగమెంటు సగం తెగిందన్నాడు. ఆపరేషన్ చేయించుకోవాలి, ఏడాదిపాటు ఆట మాట ఎత్తకూడదన్నాడు.

ఏడాది ఆగితే పోర్చుగల్ లేదు. అమ్మ డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి తిన్నగా చర్చికి వెళ్ళింది.

పాస్టర్ సంజీవరావు గారిని తిట్టడానికి నాకు నోరు రాదు. మా నాన్న పోయినప్పుడు బంధువులకంటే ముందు పెట్టె కింద భుజం పెట్టింది ఆయనే. సాల్మన్ కోసం ఆయన తిండి మానేసి ఉపవాస కూడికలు పెట్టారు. పాలెం పాలెమంతా మోకాళ్ళ మీద ఉంది. ఆ రోజుల్లో వాడు కాలు కదపకుండా పడుకున్నాడు కాబట్టి వాపు తగ్గింది. వాపు తగ్గితే నొప్పి తగ్గుతుంది. చివరి రోజు పాస్టర్ గారు వాడి తల మీద చెయ్యి పెట్టి, “నమ్మినవాడివి లేచి సాక్ష్యం చెప్పు నాయనా” అన్నారు.

మా దగ్గర మేలు పొందినవాడు సంఘం ముందు నిలబడి ఆ మేలు చెప్పాలి, దాన్నే సాక్ష్యం అంటాం. మేలు ఇంకా అందకపోయినా అందినట్టే నమ్మి చెప్పాలి, అదీ విశ్వాసం. జ్వరం కాలిపోతున్న మనిషి కూడా లేచి ‘తగ్గిపోయింది, స్తోత్రం’ అంటాడు, ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుంటాడు. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు చెప్పే ఆ వ్యాకరణం మావాళ్ళకు పుట్టుకతో వస్తుంది.

సాల్మన్ లేచాడు. “డాక్టర్లు లిగమెంటు తెగిపోయింది, ఆపరేషన్ తప్పదన్నారు. నా దేవుడు సూదీ కత్తీ లేకుండా నా మోకాలు బాగుచేశాడు” అని మైకులో చెప్పి, అందరూ చూస్తుండగా గెంతాడు. మళ్ళీ గెంతాడు. చర్చి దద్దరిల్లింది. అమ్మ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. పాస్టర్ గారి అబ్బాయి జయపాల్ అదంతా వీడియో తీసి, కింద ఆ మాటల్నే ఇంగ్లీషులో అక్షరాలు కూడా వేసి, ‘వైద్యులు చేతులెత్తేసిన మోకాలు’ అని పేరు పెట్టి చర్చి చానల్లో పెట్టాడు. వైద్యులు చేతులెత్తలేదు, ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ తేడా చెప్పబోతే నాకు విశ్వాసం లేదన్నారు.

ఇంటికొచ్చాక వాణ్ణి పక్కకు పిలిచాను. “నిజంగా తగ్గిందంటావా?”

“తగ్గుద్దక్కా.”

“తగ్గిందా, తగ్గుద్దా?”

వాడు మోకాలికి బిగుతు పట్టీ తొడుక్కుంటూ కూర్చున్నాడు.

పోర్చుగల్లో వాణ్ణి పరుగెత్తించారు, కాళ్ళు వంచి చూశారు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాడు. సంఘం ముందు చెప్పి వచ్చినవాడు ఇంకేమంటాడు?

మొదట్లో బాగానే ఆడాడు. ఆట చివర్లో మైదానంలోకి దింపేవాళ్ళు. ఒక ఆటలో ముగ్గురి కాళ్ళ మధ్యనుంచి, కల్లంలో ఆడినట్టే, బంతిని నేలకు ఆనించి తీసుకుపోయి గోలు కొట్టాడు. ఆ వీడియో ముక్కను మా జిల్లాలో చూడనివాడు లేడు. మెడికల్ షాపువాడు నాకు జలుబు బిళ్ళలు ఇస్తూ, “మీ తమ్ముడు వచ్చే ఏడు పెద్ద క్లబ్బుకి పోతన్నాడంటగా” అన్నాడు. అమ్మ, నేను కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్లో మిరపకాయలు ఏరే పనికి వెళతాం. ఎర్రకాయను ఒకవైపు, తెల్లబడ్డ తాలుకాయను ఒకవైపు వేయాలి. ఆ వారమంతా అమ్మ కబుర్లలో పడి రెండూ కలిపేసింది, మేస్త్రీ కూడా ఏమీ అనలేదు. గోలు కొట్టినవాడి తల్లి మరి!

తర్వాత వాడి ఆట చెడింది. బంతి వస్తే తిరగాల్సినవాడు ఆగిపోయేవాడు. ఎడమ కాలు వాడాల్సిన చోట కుడికాలికి మార్చుకునేవాడు. పిరికివాడన్నారు. మొన్నటిదాకా మిర్చి అన్నవాళ్ళే తాలుకాయ అన్నారు. వాడు ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి, “తిరిగినప్పుడల్లా మోకాలు జారిపోతందక్కా. కీలు ఊడినట్టుంటంది” అన్నాడు.

“డాక్టరుకి చెప్పరా.”

“ఎట్టా చెప్పనే? బాగైపోయిందని సాక్ష్యం చెప్పొచ్చాను. ఇప్పుడు బాగవలేదంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు గదా.”

నాకు ఒళ్ళు మండింది. “దేవుడికి నీ మోకాలితో పరువు పోయే పనేం లేదు. నీకు కాలు కావాలా, అక్కర్లేదా?” అని అరిచాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

అయినా నా మాట చెవికెక్కింది. కొన్నాళ్ళకు వెళ్ళి డాక్టరుకు చూపించాడు. పాత దెబ్బ సంగతి చెప్పలేదు, ఈమధ్యే నొప్పి మొదలైందన్నాడు. ఆటలో తగిలిందనుకుని క్లబ్బువాళ్ళే ఆపరేషన్ చేయిస్తామన్నారు. బాగయ్యేదాకా ఉంచుకుంటామన్నారు, తర్వాత ఆడిస్తామన్నారు. “బయటపడ్డానక్కా” అని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! “అమ్మకి మాత్రం చెప్పమాకు. సాక్ష్యం పాడైపోయిందని ఏడుస్తది. ఆపరేషన్ అయ్యాక నేనే చెబుతా” అన్నాడు. సరేనన్నాను. వాడి ఆట, వాడి బతుకు, అన్నీ ఆ ఆపరేషన్ మీదే నిలబడి ఉన్నాయని నాకు తెలుసు.

క్లబ్బువాళ్ళు పద్ధతి ప్రకారం తమ పేజీలో ఒక ముక్క పెట్టారు. మోకాలి గాయం వల్ల సాల్మన్ కొన్నాళ్ళు ఆడడని. దాని కింద మనవాళ్ళే చేరి ఎగతాళి మొదలుపెట్టారు. నాటకాలన్నారు, ఆడలేక సాకన్నారు. నేను ఆ రోజు ఊళ్ళో లేను. స్నేహితురాలి పెళ్ళికి చీరాల వెళ్ళాను. షెడ్లో అమ్మ పక్కన కూర్చునే జయకుమారి ఫోన్ చూసి ఆ రాతలన్నీ అమ్మకు చదివి వినిపించిందట. “కాలికి గాయమంట గదా పిన్నీ, నిజమేనా?” అని అడిగిందట.

“గాయమేంది? దేవుడు బాగుచేసిన కాలది!” అని అమ్మ పని సగంలో వదిలి లేచిందట. తిన్నగా జయపాల్ దగ్గరికి వెళ్ళింది. దేవుడు చేసిన కార్యం ఆ దేశం వాళ్ళకు తెలియదు, తెలిస్తే నా బిడ్డను ఇట్టా అనరు, ఆ సాక్ష్యం వాళ్ళకు పంపించమంది. జయపాల్ క్లబ్బు పేజీ తెరిచి, ఏది నొక్కాలో చూపించి, ఫోన్ అమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత యూత్ పిల్లలు, స్త్రీల కూడిక వాళ్ళు, పక్క ఊళ్ళ సంఘాల వాళ్ళు, అందరూ అదే వీడియోను ఆ పేజీ కిందంతా నింపేశారు. ఒక్కళ్ళు కూడా వాడి చెడు కోరి చేయలేదు.

నేను సాయంత్రం రైల్లో తిరిగొస్తూ ఫోన్ తెరిచేసరికి, తెగిన లిగమెంటు గురించి రాసిన ఇంగ్లీషు అక్షరాల మీద మా తమ్ముడు గెంతుతూ కనిపించాడు. ఎంత కిందికి జరిపినా వాడే. జయపాల్‌కు ఫోన్ చేసి తీసేయించాను. ఏం లాభం? పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఇది పృథివి దాటి క్లబ్బు ఆఫీసులో కూర్చుంది.

ఇంటికి రాగానే అమ్మ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. “మొదటిది నేనే నొక్కానే స్తుతీ!” అంది. నేను చేతిలో సంచి కింద పెట్టి స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

క్లబ్బువాళ్ళు వాణ్ణి పిలిపించారు. ఆ సంగతి వాడు తర్వాత నాకు ఫోన్లో చెప్పాడు.

“పెద్ద తెర మీద వేశారక్కా. అందులో నేను గెంతుతున్నాను. వాళ్ళకి సాక్ష్యం అంటే ఏంటో ఎట్టా చెప్పాలో తెలీలేదు. నమ్మి ముందే చెప్పడం అన్నాను. అర్థం కాలేదు వాళ్ళకి. చర్చిలో అబద్ధం చెప్పావా, మా దగ్గర చెప్పావా, రెంట్లో ఒకటి చెప్పు అన్నారు.”

“ఏం చెప్పావు?”

“మీ దగ్గరేనన్నాను.”

ఆపరేషన్ లేదన్నారు. పాత దెబ్బ దాచినందుకు ఒప్పందం రద్దు చేసి పంపించేశారు.

వాడు దిగిన రోజు సెంటర్లో ఫ్లెక్సీ లేదు. ఆటోలో వచ్చి, సంచీ తీసుకుని, కుంటుతూ లోపలికి వచ్చాడు. గుంటూరు డాక్టరు కొత్త స్కానింగును పాతదాని పక్కన పెట్టి చూశాడు. తెగిన కాలితో అన్నాళ్ళు పరుగెత్తడం వల్ల లోపలి గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే నడవడానికి పనికొస్తుంది, ఆటకు పనికిరాదన్నాడు. సాల్మన్ తల ఊపాడు. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని ఇంటిదాకా వచ్చాడు. చిన్నప్పుడు కూడా అలా పెట్టుకోలేదు వాడు.

అమ్మకు వాడు చెప్పింది ఒకటే. ఆటలో దెబ్బ తగిలితే క్లబ్బువాళ్ళు ఆపరేషన్ చేయించబోయారని, ఇంతలో ఎవరో గిట్టనివాళ్ళు తన మీద ఏదో పంపి దాన్ని చెడగొట్టారని. నిజం చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అయినా లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని. ఎందుకంటే అమ్మ ఆ గిట్టనివాళ్ళను వదల్లేదు. అన్నం ముందు ప్రార్థనలో తిట్టేది, కాయలు ఏరుతూ తిట్టేది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు అమ్మ పెదవులు కదిలేవి, అవి కూడా ఆ తిట్లేనని నాకు తెలుసు. జయపాల్‌కు ఏదో అనుమానం వచ్చినట్టుంది, మమ్మల్ని చూస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సాల్మన్ గడపలో కాలు చాపుకుని కూర్చున్నాడు. అమ్మ వేడి నూనె గిన్నె తెచ్చుకుని వాడి మోకాలికి రాస్తోంది. నేను పక్కన చింతపండు గింజలు తీస్తున్నాను. రాస్తూ రాస్తూ అమ్మ మొదలుపెట్టింది.

“నా బిడ్డ కాలు తీశారు. ఆ పంపిన చెయ్యి పడిపోను. పుళ్ళు పడి కుళ్ళిపోను.”

“తిట్టమాకమ్మా” అన్నాడు వాడు.

“ఎందుకు తిట్టకూడదురా? వాళ్ళేమైనా నా చుట్టాలా? ఆ చెయ్యి మొదలంటా...”

సాల్మన్ గబుక్కున వంగి, నూనెతో జారిపోతున్న అమ్మ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

“ఆ చేతిని ఏమీ అనమాకమ్మా. నీకు దణ్ణం పెడతా.”

అమ్మ వాడి తలవైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోవాల్సింది, తిప్పుకోలేకపోయాను.

“ఏమే స్తుతీ” అంది మెల్లగా. “ఆ రోజు జయపాల్ ఫోన్ ఇచ్చి...”

అక్కడ ఆగింది. అమ్మ చెయ్యి వాడి చేతుల్లోంచి తీసుకుంది.

ఆ తర్వాత అమ్మ ఎవర్నీ తిట్టలేదు. చర్చికి వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది, సాక్ష్యాలు మొదలవగానే లేచి బయటికి వెళ్ళిపోతుంది. వాడి మోకాలిని మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. నూనె వేడి చేస్తుంది, గిన్నె తెచ్చి నా ముందు పెడుతుంది, “నువ్వు రాయవే” అంటుంది.