ముప్పై ఒక్కమంది అప్పులవాళ్లు

మదన్ మోహన్ రావు కాదన్న కంపెనీకి ఆయన బ్యాంకులో రూపాయి పుట్టేది కాదు. ఔనన్న కంపెనీకి ఆగేదీ కాదు. జగిత్యాలలో మేనేజరుగా రిటైరైన మనిషి, కాళ్లు ఊరుకోనివ్వక అదే బ్యాంకుకు అప్పు అడిగినవాళ్ల తాహతు చూసి చెప్పే పని పెట్టుకున్నాడు. ఆయన కొలత ఒక్కటే. సొంత సొమ్ము రూపాయి ఉంటే అప్పు రెండు రూపాయలు దాటకూడదు. దాటిందా, ఎదుటివాళ్లు ఎన్ని దండాలు పెట్టినా కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకునేవాడు. కళ్లజోడు మడిచాడంటే ఇక ఆ అప్పు మీద ఆశ వదులుకోవడమే.

ఇంకో నియమం కూడా ఉంది. అప్పు అడిగినవాళ్ల చోట ఆయన మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. ముట్టాల్సి వస్తే వెల కట్టి ఇచ్చేస్తాడు. ఉప్పు తిన్న చేత్తో నిజం రాయడం కష్టమని ఆయన నమ్మకం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అప్పటికి మూడో వారంలో పడింది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులకు తాళాలు, కరెంటు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఆయన భార్య గిరిజ సర్కారు బడిలో టీచరు. ఆమె రోజూ పొద్దున్నే దీక్ష టెంటుకు పోయి కూర్చుంటోంది. లోకమంతా పని ఆపితే మీరొక్కరే బయల్దేరుతారా అని దెప్పుతూనే టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. వడ్డీ సమ్మె చేయదు కదా అని ఆయన జవాబు చెప్పి, స్కూటరును రెండు తన్నులు తన్ని కోరుట్ల దారి పట్టాడు.

కోరుట్ల మొగదల, రోడ్డు పక్కనే రేకుల షెడ్డు. ముందు వరసలుగా పేర్చి నీళ్లతో తడుపుతున్న సిమెంటు ఇటుకలు, ఒక మూల నీళ్లు నింపుకునే సిమెంటు గోలాలు, కిటికీ చట్రాలు. ఆ కంపెనీకి పెద్ద సారక్క. పాతికేళ్లు పరాయి ఇటుక బట్టీల్లో మట్టి తొక్కి, ఇక చాలు అనుకుని, తనలాంటి ముప్పైమందిని కూడగట్టి ఈ కంపెనీ పెట్టింది. అందరూ కూలి చేసి బతికినవాళ్లే, తాతల నాటి నుంచి గుంట భూమి లేనివాళ్లే. ఇప్పుడు సిరిసిల్లలో కొత్త మగ్గాల షెడ్లకు లక్ష ఇటుకలు కావాలని కబురొచ్చింది. చేతి అచ్చులతో రోజుకు ఆరువందలు తీస్తే అది అయ్యే పని కాదు. మెషిను కావాలి, మెషినుకు ఎనిమిది లక్షలు కావాలి. వారంలో మాట ఇవ్వకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. ఆర్డరు పోతే వానాకాలం నష్టంతో కుంటుతున్న యార్డు మూతపడుతుంది, అందరూ మళ్లీ బట్టీ దారి పట్టాలి.

రావు స్కూటరు లోపల పెట్టాడో లేదో, వెనక రోడ్డు మూసుకుపోయింది. ఆ రోజు అక్కడ వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, మూడు పొయ్యిలు వేసి, డప్పులు మోగించి, జనమంతా నడిరోడ్డు మీద వంటకు దిగారు. సాయంత్రం నాలుగు దాకా దారి తెరిచేది లేదన్నారు. ఆయన గొణుక్కుంటూ షెడ్డులో కుర్చీ వేయించుకున్నాడు.

లెక్కల పుస్తకం తెచ్చింది కృపారాణి. డిగ్రీలో కామర్స్ చదువుతోంది, కాలేజీ మూసి ఉండడంతో యార్డులోనే ఉంటోంది. కొట్టివేతల్లేని పుస్తకం చూసి రావుకు మొదట ముచ్చటేసింది. ఆ ముచ్చట రెండు పేజీల కంటే ఎక్కువ నిలవలేదు. షెడ్డు, అచ్చులు, సరుకు అన్నీ కలిపి ఆస్తి తొమ్మిది లక్షల అరవై వేలు. అందులో సొంత సొమ్ము, అంటే మిగిలిన లాభం, లక్షా ఇరవై వేలు. అప్పులు ఎనిమిది లక్షల నలభై వేలు. రూపాయికి ఏడు రూపాయల అప్పు. అడుగుతున్న ఎనిమిది లక్షలు కలిపితే రూపాయికి పద్నాలుగుకు చేరువ.

రావు కళ్లజోడు తీశాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. ఆ కళ్లజోడు సంగతి కోరుట్ల దాకా పాకినట్టుంది, సారక్క ముఖం చిన్నబోయింది. ఆమె బతిమాలలేదు. చాయ్ అన్నా తాగండి సారూ అంది. ఆయన వద్దన్నాడు.

దారి తెరిచి ఉంటే కథ అక్కడే ముగిసేది. కదలడానికి వీల్లేక, ఊరికే కూర్చోవడం చేతకాక, ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఇంత అప్పు వీళ్లకు ఇచ్చిన పుణ్యాత్ములెవరో చూద్దామనిపించింది. సిమెంటు దుకాణానికి రెండు లక్షల ఇరవై వేలు. సరే. తక్కినది ముప్పై ఒక్కమందికి, తలా ఇరవై వేలు. వడ్డీ ఎంత అంటే లేదంది కృపారాణి. ఎప్పటి నుంచి అంటే మూడేళ్లు అంది. మూడేళ్లుగా వడ్డీ అడగని అప్పులవాళ్లు ఒక్క ఊళ్లో ముప్పై ఒక్కమంది ఉన్నారంటే, ముప్పై ఐదేళ్ల తన సర్వీసు దండగైనట్టే.

"వీళ్లంత ఏడుంటరు బిడ్డా?" అని అడిగాడు.

కృపారాణి గేటు బయటికి వేలు చూపింది. "అగో సార్, పప్పు కలుపుతున్నది చంద్రవ్వ. ఉల్లిగడ్డ కోసేది పోశవ్వ. డప్పు కొట్టేది కొమురయ్య. గా పొయ్యిల కట్టెలు ఎగదోస్తున్నది మా నాయిన సామేలు, ఆయనది ఒకటో నంబరు."

రావు ఒకసారి పుస్తకాన్ని, ఒకసారి రోడ్డును చూశాడు. కంపెనీ మనుషులే కంపెనీకి అప్పులవాళ్లు. సారక్క పేరు కూడా ఆ వరసలోనే ఉంది. పెట్టుబడి అని రాస్తానంటే తనను ఎవరూ రాయనివ్వలేదని, బాకీ అని రాస్తేనే పైసలు తీస్తామన్నారని కృపారాణి తల వంచుకుని చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత రావుకు పనిలో నవ్వొచ్చింది. ఇది అప్పే కాదు. ఆ ఆరు లక్షల ఇరవై వేలు ఉండాల్సిన చోట ఉంచితే సొంత సొమ్ము ఏడు లక్షల నలభై వేలు. మెషిను అప్పు కలిపినా రూపాయికి రూపాయిన్నర దాటదు. తలా ఒక కాయితం మీద, నేనిచ్చింది అప్పు కాదు, వాటా అని సంతకం చేస్తే చాలు. అయిదు నిమిషాల పని అనుకున్నాడు. లెక్కలు తెలిసినవాళ్లకు మనుషుల పని ఎప్పుడూ అయిదు నిమిషాల్లాగే కనిపిస్తుంది.

సారక్క అందరినీ పిలిచింది. రావు సంగతి చెప్పాడు. ఎవరూ కదల్లేదు. అరవై అయిదేళ్ల సామేలు చేతులు తుడుచుకుని, అంగీ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతల చీటీ. కంపెనీ సామేలుకు ఇరవై వేలు బాకీ అని రాసి, ముద్ర వేసి ఉంది. మూడేళ్లుగా ఆయన దాన్ని చుట్టాలకు, పాస్టరుగారికి, చివరికి కొండగట్టు పోయే ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చూపించాడని కృపారాణి తర్వాత చెప్పింది.

"సారు, మిమ్మల్ని నేను గుర్తువట్టిన. మీరు పెద్దదొర కొడుకు. నేను దేవయ్య కొడుకును," అన్నాడు సామేలు. గొంతులో కోపం లేదు. "మా తాత మీ తాతకు బాకీ. మా నాయిన మీ నాయినకు బాకీ. నేను బట్టీ సేటుకు బాకీ. మా ఇంట్ల పుట్టినోళ్లకు ఇంకొకలు బాకీ ఉండుడు గిదే మొదలు. గిదాన్ని కొట్టెయ్యమంటున్నరు మీరు. మీరే అచ్చి అడుగుతున్నరు."

రావుకు తండ్రి పద్దుల పుస్తకాలు గుర్తొచ్చాయి. చేతిరాత బాగుంటుందని పన్నెండేళ్ల వయసులో సెలవులకు ఇంటికొచ్చిన తనతోనే తండ్రి పద్దులు రాయించేవాడు. పేజీకో పేరు, పేరు కింద బాకీ. కల్లంలో గింజలు కొలిచినా బాకీ తరిగేది కాదు, కొత్త పుస్తకంలోకి ఎక్కేది. దేవయ్య అనే పేరును తన చేతితోనే మూడు పుస్తకాలకు ఎక్కించాడు. ఆ దేవయ్య కొడుకే ఈ సామేలు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

తేరుకుని, వాటా అంటే ఏమిటో చెప్పబోయాడు. లాభం వస్తే పంచుకోవచ్చు, నష్టం వస్తే మాత్రం అన్నాడో లేదో, నష్టమొస్తే పైసలు మునుగుతాయా అని చంద్రవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె వెనకే తక్కినవాళ్లూ వేశారు. సామేలు చీటీని మడిచి జేబులో పెట్టి బొత్తాం పెట్టుకున్నాడు. రావు కళ్లజోడు మడిచినంత పద్ధతిగా.

అంతలో వంట అయింది. రోడ్డు మీద బారుగా విస్తర్లు వేశారు. పని కాలేదని సారక్క మనిషిని ఉపవాసం ఉంచే రకం కాదు. రావును తెచ్చి సామేలుకు, చంద్రవ్వకు నడుమ కూర్చోబెట్టి, ఆయన డబ్బాలోని జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు తీసి అందరి గిన్నెల పక్కన పెట్టేసింది. విస్తట్లో పప్పన్నం పడింది. ఆయనకు తన నియమం గుర్తొచ్చి జేబులో చెయ్యి పెట్టాడు.

"సారక్కా, నేను ఊకె తినను. దీనికి ఎంతియ్యాల్నో చెప్పుర్రి."

బారు బారంతా ఆయన వైపు తిరిగింది. ముందు నవ్వింది చంద్రవ్వ.

"బువ్వకు బాకేంది సారు? నేను పప్పు తెచ్చిన, సారక్క బియ్యం తెచ్చింది, మీరు తొక్కు తెచ్చిర్రు. పొయ్యి అందరిది."

రావు చెయ్యి జేబులోనే ఆగిపోయింది. ఆమె వైపు తిరిగి అడిగాడు. "చంద్రవ్వా, నువ్వు తెచ్చిన పప్పు రేపు తిరిగియ్యమని పొయ్యిని అడుగుతవా?"

"పొయ్యినెట్ల అడుగుత?"

"మరి పప్పు మాడితే?"

"అందరికి మాడుతది. నా ఒక్కదానికా?"

"మంచిగైతే?"

"అందరం తింటం. మిగిలితె ఇంటికి సుత కొంటవోతం."

"నీ ఇరవై వేలు సుత గట్లనే వేసినవు. నువ్వు పొయ్యికి అప్పియ్యలేదు. పొయ్యే నీది," అన్నాడు రావు.

తినే చేతులు ఆగాయి. సామేలు మాత్రం నములుతూనే ఆలోచించాడు. బాకీ ఉన్నవాణ్ని నిలబెట్టి అడగొచ్చు, వాటా పెట్టినవాడు ఎవరిని అడగాలి అన్నాడు. వాటా ఉన్నవాడు కంపెనీ పుస్తకాన్ని ఎప్పుడంటే అప్పుడు విప్పి చూపమనొచ్చని, లెక్క తేడాగా ఉంటే సారక్కను కూడా దిగిపొమ్మనొచ్చని రావు చెప్పాడు. సారక్క నవ్వుతూ అంతేనంది.

"మీ నాయిన మా పుస్తకం చూపమని ఎన్నడన్న అడిగిండా సామేలూ?" అన్నాడు రావు.

"అడిగితె బతుకనిద్దురా?"

"ఈడ అడుగచ్చు. తేడా గదే." రావు విస్తరి వైపు చూస్తూ అన్నాడు, "ఆ పుస్తకంల మీ నాయిన పేరు రాసింది నేనే. తప్పని అప్పుడు తెల్వలే. తెలిసినంక ఎవ్వలకు చెప్పలే."

"నాకెరుకే," అన్నాడు సామేలు. "మా నాయిన చెప్తుండె. చిన్నదొర రాత మంచిగుంటది, ఆయన రాస్తె బాకీ సుత ముద్దుగ కనవడతది అని."

ఎవరో కిసుక్కుమన్నారు. రావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం వచ్చాయి. సామేలు చెయ్యి కడుక్కుని, కాయితాల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "గీ కాయితాలు సుత మీరే రాయుర్రి. గీసారి సక్కగ రాయుర్రి."

ఆ మధ్యాహ్నం రోడ్డు మీద డప్పులు మోగుతుంటే, నినాదాలు లేస్తుంటే, మదన్ మోహన్ రావు తారు మీద గోనెసంచి పరుచుకుని ముప్పై ఒక్క కాయితాలు తన చేత్తో రాశాడు. ఒక్కోటి కృపారాణి పైకి చదివింది, పేరు గలవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. ఒకటో నంబరు సామేలు అందరికంటే చివర వచ్చాడు. కలం పట్టుకుని మళ్లీ ఆగాడు.

"సొంతదారుని నేనైతే, గా సిమెంటు దుకాణంల బాకీ ఎవలది?"

"మీ అందరిది," అన్నాడు రావు.

"బ్యాంకు ఇచ్చే ఎనిమిది లక్షలు?"

"అదీ మీదే."

మళ్లీ బాకీల్లోనే పడ్డావు కదా అన్నా అని చంద్రవ్వ ఆట పట్టించింది. అందరూ నవ్వారు. సామేలు తొందరపడలేదు. చీటీ తీసి చివరిసారి చదువుకున్నాడు, పొయ్యిలో నిప్పుల మీద వేశాడు.

"పడితె పడ్డ. పుట్టంగనే నెత్తిమీద ఉన్న బాకీ కాదు గిది. నేను జేసింది. నేనే కడత," అన్నాడు. వంగి, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టాడు.

రావు తన నివేదిక అడుగున 'ఇవ్వవచ్చు' అని రాశాడు. చూపు మసకబారితే కళ్లజోడు తీశాడు. సారక్క గుండె గుభేలుమంది. ఆయన మడవలేదు, అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

నాలుగింటికి రాళ్లు పక్కకు జరిగాయి. స్కూటరు తీస్తుంటే సారక్క టిఫిన్ డబ్బా తెచ్చిచ్చింది. ఖాళీ డబ్బా అనుకుని అందుకున్నాడు, చెయ్యి బరువుకు కిందికి వంగింది. నిండా పప్పన్నం.

"మీ వాటా సారు. ఇంట్ల అమ్మకు సుత సరిపోతది."

మదన్ మోహన్ రావు ఎంతియ్యాలని అడగలేదు. డబ్బాను ముందు కాళ్ల దగ్గర జాగ్రత్తగా పెట్టుకుని, జగిత్యాల వైపు స్కూటరు తిప్పాడు.