డాక్టరమ్మ నెత్తురు

నేను ఒక రక్తకణాలను లెక్కించే యంత్రాన్ని. జపానులో పుట్టి, ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. మొదట్లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో బాలింతల నెత్తురు చూశాను. వాళ్ళు కొత్త యంత్రం కొనుక్కుని నన్ను ఊరి చివరి కేన్సర్ ఆసుపత్రికి అమ్మేశారు.

చిన్న నెత్తుటిబొట్టు ఇస్తే చాలు, అందులో ఎర్రకణాలెన్నో, తెల్లకణాలెన్నో నిమిషంలో చెప్పేస్తాను. ఒక్క బొట్టులో అంత జనాభా! ఇన్నేళ్ళయినా నాకా విడ్డూరం తీరలేదు. మనుషులు మాత్రం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, క్యాంటీన్‌లో ఇడ్లీ దొరుకుతుందా అని అడుగుతారు.

పేగు కేన్సర్‌కు ఆపరేషన్లు చేసే డాక్టర్ హైమావతి గారు అలా కాదు. నా పాత లెక్కలన్నీ ముందేసుకుని తెల్లకణాల్లో రెండు రకాలను పోల్చేవారు. ఒంట్లో ఎక్కడ వాపు పుట్టినా ముందుగా పరుగెత్తే న్యూట్రోఫిల్స్ ఒకటి, శత్రువును గుర్తుపట్టి వెంటాడే లింఫోసైట్లు రెండోది. ఆపరేషన్‌కు ముందే మొదటివి బాగా పెరిగి, రెండోవి తగ్గినవాళ్ళలో ఎక్కువమంది తొందరగా పోతున్నారని ఆమె గమనించారు.

"నెత్తురు మనకంటే ముందే చెబుతోందయ్యా," అనేవారు మా టెక్నీషియన్ సన్యాసిరావుతో.

ఒకరోజు అతను నాలో పెట్టిన నెత్తురు గొట్టం మీద ఆమె పేరే ఉంది. ఆమె పేగులోనే గడ్డ. నేను లెక్కించాను. సన్యాసిరావు కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చివరికి ఆమే వచ్చారు.

"ఎంతొచ్చింది?"

"మళ్ళీ ఒకసారి వేసి చూస్తానండి, మేడమ్."

"ఇలా ఇవ్వు."

న్యూట్రోఫిల్స్ పెరిగి, లింఫోసైట్లు తగ్గి, ఆమె భయపడిన వైపే ఉంది అంకె. స్టూలు మీద కూలబడ్డారు.

"నేను తేల్చింది వందలమంది లెక్క. అందులో నా పేరు లేదుగా," అన్నారు.

ఆపరేషన్ అయింది. గడ్డ పోయిందిగా, చాలన్నారట ఇంట్లోవాళ్ళు. ఆమె వినకుండా కీమో కూడా తీసుకున్నారు. మందు పడ్డప్పుడల్లా తెల్లకణాలు కరువొచ్చిన ఊరిలా ఖాళీ అయ్యేవి. కొన్నాళ్ళకు మళ్ళీ పుట్టుకొచ్చేవి. ఎవరు పిలిచారు వాటిని?

ఏళ్ళు గడిచాక నా పంపు చెడింది. పిల్లలకు చూపించడానికి నన్ను మెడికల్ కాలేజీ గదిలో పెట్టారు. అక్కడికి పాఠం చెప్పడానికి ఆమె వచ్చారు, జుట్టంతా నెరిసిపోయి.

"నా గురించి ఈ మిషను చెడ్డమాటే చెప్పింది," అన్నారు నా మీద చెయ్యి వేసి.

"అయితే మిషను లెక్క తప్పిందా మేడమ్?" అడిగిందొక అమ్మాయి.

"తప్పలేదమ్మా. అలాంటి అంకె వచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. నేనున్నాను."

ఆ లేనివాళ్ళందరి నెత్తురూ చూసినదాన్ని నేనే. ఆమె మెడ పక్కన నరం మెల్లగా కొట్టుకుంటోంది. నెత్తురు మనిషిలో కదలడం నేను చూడటం అదే మొదటిసారి.