పులి భుజం మీద కన్నం

నేను ఒక పులిని. కంగారు పడకండి, లోపలున్నది వరిగడ్డీ కొబ్బరిపీచూ. మన్యం దిగువన ఓ చిన్న టౌను మ్యూజియంలో, మెట్ల పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాను. “పదిమందిని పొట్టనబెట్టుకున్న ఈ పులిని దొరవారు ఒక్క గుండుతో కూల్చారు” అని నా కాళ్ల దగ్గర బోర్డు ఉంటుంది.

నేను మనిషి మాంసం ముట్టనే లేదు. ముసలితనంలో పళ్లూడి, అడవిపందికి పన్నిన ఉచ్చులో మెడ ఇరుక్కుని చచ్చాను. ఉచ్చు వేసినవాళ్లు బంగళాకు మోసుకెళ్తే, దొరగారు నా మీద కాలు పెట్టి ఫొటో దిగాడు. చచ్చిన పులి మీద పెట్టినా ఆ కాలు వణుకుతూనే ఉంది. తర్వాత నా తోలు ఒలిపించి, పాషాణమనే విషం పూయించి, గడ్డి కూరించి, ఊడిన పళ్ల చోట మైనం పళ్లు పెట్టించాడు. బంగళా అమ్ముకున్న వారసులు, ఎవరూ కొనని నన్ను మ్యూజియానికి దానమిచ్చి, దండలు వేయించుకున్నారు.

ఈమధ్య నన్ను బాగుచేయడానికి డిగ్రీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వచ్చారు. బాగుచేయడమంటే ముందు సెల్ఫీలు. ఒకడైతే నా నోట్లో తల పెట్టాడు. మూయలేకపోయానని ఇప్పటికీ కడుపుమంటగా ఉంది. గౌరీశ్వరి అనే పిల్ల ఒక్కతే మాస్కు కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో బూజు దులిపి, పురుగు తిన్న కన్నాలన్నిటికీ లోపల గుడ్డ పెట్టి కుట్టుకుంటూ వచ్చింది.

భుజం దగ్గరకొచ్చేసరికి మ్యూజియం ఇన్‌ఛార్జి జోగారావు అడ్డుపడ్డాడు.

“అది వదిలేయమ్మా. గుండు దెబ్బ అదే.”

“ఇదీ పురుగు తిన్నదే సార్. అంచులు సూడండి, కొరికినట్టు నేవూ? తోలంతా ఎతికాను, గుండు దెబ్బ ఎక్కడా నేదు.”

“లేదు కాబట్టే ఇది కావాలి. రేపు దొరగారి మనవడొస్తున్నారు. కొత్త అద్దాల గది కట్టిస్తామన్నారు. నీకు సర్టిఫికెట్ కావాలా, వద్దా?”

అది లేకపోతే ఆ పిల్లకు డిగ్రీ పూర్తి కాదు. తల వంచుకుంది. ఈ పిల్లా ఆ అబద్ధాల బాపతేలే అనుకున్నాను. కానీ జోగారావు అటు తిరగ్గానే సూదిలో దారం ఎక్కించి ఆ కన్నం కూడా కుట్టేసింది.

మర్నాడు పొద్దున్నే అతగాడు కత్తెరతో కుట్లు విప్పి, కన్నాన్ని వేలితో గుండ్రంగా పెద్దది చేశాడు. మనవడు వచ్చి అందులో వేలు పెట్టి, “మా తాతగారి గురంటే గురే!” అని కళ్లు తుడుచుకున్నాడు. పురుగు పంటిగాటుకి ఇంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చేతులతోనే పిల్లలు సర్టిఫికెట్లు అందుకున్నారు, నా నోట్లో తల పెట్టినవాడితో సహా. గౌరీశ్వరి పేరు పిలవలేదు.

వెళ్లేముందు ఆ పిల్ల బ్యాగు తగిలించుకుని నా దగ్గర ఆగింది. “నాను కుట్టినాను. ఆళ్లే ఇప్పేసినారు” అంది, నాకు జవాబు చెప్పుకోవాల్సినట్టు. నా గడ్డి గుండె కలుక్కుమంది.

బోర్డు ఇంకా అలాగే ఉంది. ఇన్నాళ్లూ అది అబద్ధమని కోపంగా ఉండేది. ఇప్పుడు ఆ పదిమంది సంగతి నిజమైతే బాగుండుననిపిస్తోంది. వాళ్లు ఎవరెవరో కూడా ఎంచి పెట్టుకున్నాను. ఆ పిల్లను మాత్రం ముట్టను.