గోడవైపు తిరిగిన చంద్రులు

మా బావగారికి ఏ వస్తువునైనా ముందు నుంచి చూస్తే చాలు. ఆయన ఖగోళ ప్రదర్శనశాలకి డైరెక్టరు కావడం కూడా అలాగే జరిగింది. కోటు బాగుంది, గొంతు బాగుంది, ఆ రెండూ చూసి కుర్చీ ఇచ్చేశారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత కట్టినవాడి ఎదురుగా ఈయనే కూర్చుని ఉంటారని నా అనుమానం.

మా అక్క అక్కడే వర్క్‌షాపులో నమూనాలు చేస్తుంది. నేను దాని దగ్గర రంగులు వేస్తాను. ఈసారి చేసినవి గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులు. ఒక్కో గోళం నా భుజమంత ఎత్తు, పుచ్చకాయలోంచి ముక్క కోసినట్టు ఒక పక్క తెరిచి ఉంటుంది. లోపలిది పూర్తయితేనే పైపొర ముట్టుకోవాలన్నది మా వర్క్‌షాపు పద్ధతి. యూరోపా మంచు పెంకు కింద సముద్రం కుదరక అక్క ఎంత రెసిన్ పారబోసిందో లెక్కలేదు. గానిమీడ్‌కి నడిమధ్య ఇనుము, దాని చుట్టూ రాయి, ఆపైన మంచు. కలిస్టోకి అంత శుభ్రమైన పొరలు లేవు, రాయీ మంచూ కలగాపులగంగా ఉండిపోయాయి. ఆ కలగాపులగం సరిగ్గా రావడానికే ఏడాది పట్టింది. పైరంగు మాత్రం నేను చిటికెలో కానిచ్చేశాను.

వేరే ఊళ్లో ఉన్న పెద్ద మ్యూజియం నుంచి ఒకావిడ వస్తోందని, తమ నమూనాల విభాగం నడిపే మనిషిని వెతుక్కుంటోందని, అక్క పేరు ఎవరో చెప్పారని తెలిసింది. ఆ రోజు నుంచి బావగారికి తిండి సయించలేదు. ఆయన చదివే ప్రసంగాలు, ఆయన పేరుతో అచ్చయ్యే బొమ్మలు అన్నీ అక్కవే మరి.

ఆవిడ వచ్చే రోజు పొద్దున మేం హాల్లోకి వెళ్లేసరికి గోళాలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. కోసిన పక్క గోడకి, నున్నటి వీపు జనానికి. ఫొటోల్లో నిండుగా పడతాయని బావగారే ముందురోజు తిప్పించారట. చంద్రుల కడుపులో ఏముందో చూపించడానికి కట్టిన హాలు అది. నాకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. దొంగకైనా ఇంతకంటే ధైర్యం ఉంటుంది.

అక్క తలూపి, పనిముట్ల పెట్టెను గోడవారగా పెట్టింది. దాని మీదా ఒళ్లు మండింది నాకు. పెళ్లయినప్పటి నుంచీ గంగిరెద్దులా తలూపుతూనే ఉంది.

ఆవిడ వచ్చింది. బావగారు ముందు నడుస్తూ, చంద్రులన్నీ లోపల ఇంచుమించు ఒకేలా ఉంటాయని, అందుకే పైభాగం మీద శ్రద్ధ పెట్టామని కోతలు కోశారు. ఆవిడ మర్యాదగా రంగులు బాగున్నాయని చెప్పి గుమ్మం వైపు నడిచింది. ఎవరో నా పనిని మెచ్చుకుంటే ఏడుపు రావడం నాకదే మొదలు.

అప్పుడు అక్క పనిముట్ల పెట్టెలోంచి స్పానర్ తీసుకుని, కలిస్టో దిమ్మె దగ్గర గొంతుక్కూర్చుని బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. బావగారు మొహాన నవ్వు చెదరనీయకుండా పళ్లబిగువున వద్దన్నారు. అది వినిపించుకోలేదు. లేచి భుజం ఆనించి తోసింది. గోళం కిర్రుమంటూ తిరిగింది.

ఆ చప్పుడుకి ఆవిడ వెనక్కి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని కోతలోకి వంగి చాలాసేపు చూసింది. ఎవరు చేశారని అడిగితే అక్క తనేనంది. మా దగ్గరికి వస్తారా అని ఆవిడ అక్కడికక్కడే అడిగేసింది.

"ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం," అన్నారు బావగారు చప్పున.

"వీటిని గోడకి తిప్పించే ముందు మీరు నాతో మాట్లాడారా?" అంది అక్క. గొంతు పెంచలేదు. ఆవిడ వైపు తిరిగి, "వస్తున్నానండీ. ఒక్కదాన్నే," అంది.

బావగారు నా వైపు చూశారు, నేనేదో సర్దిచెబుతానని. నేను అక్క చేతిలోంచి స్పానర్ తీసుకుని గానిమీడ్ దగ్గరికి వెళ్లాను.