గడ వేసే మనిషి నడుము

ఏలూరు ఇంకా రెండు మైళ్ళుందనగా సత్తిరాజు మళ్ళీ తాటిదోనె ఆపి కిక్కిస గడ్డి చాటుకి దిగాడు. పొద్దున్నుంచి ఇది ఐదోసారి. చేపల బుట్టల మధ్య కూర్చున్న అతని భార్య గంగారత్నం ఎప్పట్లాగే తల తిప్పుకుని కొంగల్ని చూస్తోంది. చాలాసేపటికి మూత్రం నాలుగు చుక్కలు పడింది. అతను దోనె ఎక్కి, నడుం పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, దోనె తోసే గడ అందుకున్నాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. ఎండకి మాడిన ఒళ్ళు, అరచేతుల నిండా కాయలు. ఏలూరు దాటి ఏ ఊరూ ఎరగడు. పుట్టిందగ్గర్నుంచీ నీళ్ళలో నానిన మగాడికి ముసలితనంలో ఈ బాధ తప్పదని కొల్లేటి లంకల్లో అందరూ అనుకునేదే, అతనూ అనుకున్నాడు. నడుం నొప్పంటారా, అది గడ వేసినందుకు. గంగారత్నం ఆముదపాకులు వెచ్చచేసి కట్టేది. రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి. మొన్న చుక్కయినా పడక అతను నేలమీద పొర్లాడాక, ఆమె ఇక మాట వినలేదు.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు శేషగిరిరావు గొట్టం వేసి నీళ్ళు తీశాడు. లోపల వేలితో చూస్తే మూత్రసంచి కిందుండే గ్రంథి రాయిలా తగిలింది. వెన్నుపూస మీద నొక్కితే సత్తిరాజు పళ్ళు బిగబట్టాడు.

"రాచపుండయ్యా, క్యాన్సరు. వెన్నులోకి దిగిపోయింది. ఇన్నాళ్ళూ నొప్పి తెలియలేదా?"

"గడేసే మనిషికి నడుం నొప్పి ఉండదాండీ?"

"అందరిదీ ఇదే మాట. పెంటపాడు రైతు నాగలి వల్లన్నాడు, గుమాస్తా కుర్చీ వల్లన్నాడు. పదిమందిలో తొమ్మిదిమంది ఎముకల్లోకి దిగాకే వస్తున్నారు. మద్రాసులోనూ ఇంతేనట." డాక్టరు చేతులు తుడుచుకున్నాడు. "దోనె ఎవరు నడిపారు?"

"నేనేనండి. ఆరు మైళ్ళు."

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఆ వెన్నుతో మనిషి మంచం దిగడమే గొప్ప. ఇరవయ్యేళ్ళ వైద్యంలో ఇలాంటిది ఆయన చూడలేదు. తన కుర్చీ ముందుకు లాగి, "కూర్చోండి" అన్నాడు.

సత్తిరాజు కూర్చోలేదు. "ఇక గడెయ్యొచ్చాండీ?"

"వద్దండి. వెన్ను విరిగితే కాళ్ళు పడిపోతాయి."

కాళ్ళున్న మగాడు పెళ్ళాం చేత గడ వేయించి తను కూర్చోవడం లంకల్లో లేదు. రేవులో అందరూ చూస్తుండగా సత్తిరాజు గడ వదలకుండా చాలాసేపు నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. చివరికి గడ ఆమెకిచ్చి బుట్టల మధ్య కూర్చున్నాడు.

గంగారత్నం చీర ఎగదోపి గడ దింపింది. దోనె ఊగకుండా సాగిపోయింది.

"నీకిది ఎప్పుడొచ్చిందే?"

"నేనూ కొల్లేట్లో పుట్టినదాన్నే కదయ్యా. నువ్వు ఎప్పుడూ అడగలేదు."

అతను నోరు తెరుచుకుని ఆమెనే చూశాడు. ఇన్నేళ్ళూ గడ ముందున్న నీళ్ళే తప్ప మరేదీ చూడలేదు. ఇప్పుడు కూర్చుని చూస్తే, ఆమె వెనక ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొల్లేరే. ఇంత పెద్దదా ఇది, అనుకున్నాడు.

కార్తీకం రాకముందే, ఒక మధ్యాహ్నం, ఆమె గంజి తెచ్చేలోగా సత్తిరాజు వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు గంగారత్నం చేపల బుట్టలతో రేవుకొచ్చింది. నలభయ్యేళ్ళు ఒకేచోట నిలబడిన సత్తిరాజు మడమలు దోనె వెనక తాటిమానులో రెండు గుంటలు చేశాయి. రాత్రి కురిసిన వాన వాటిలో నిండుగా నిలిచి ఉంది.