వేలికి కట్టిన తాడు

...అసలు వేలిలో కండే లేదట, చంద్రమౌళికి మింగుడుపడనిది అదే. ఇన్నేళ్లూ వేలు తనంతట తానే వంగుతోందనుకున్నాడు. లాగే కండ ముంజేతిలో ఉంటుందట. అక్కడి నుంచి సన్నని తాడొకటి మణికట్టు దాటి వచ్చి వేలెముకకు అతుక్కుని ఉంటుంది. కండ బిగిస్తే తాడు కదులుతుంది, తాడు కదిలితే వేలు వంగుతుంది. దుకాణంలో షోకేసు అద్దం పగిలి, కుడి చూపుడువేలికి తెగింది ఆ తాడే. డాక్టరు కుట్టాడు.

మూడు నెలలు దాటాయి. కుట్టు అతికిందనీ, ఇక పనులు చేసుకోవచ్చనీ డాక్టరు అన్నాడు. వేళ్లకు వ్యాయామం చేయించే ఝాన్సీ మాత్రం ఊరుకోలేదు.

"ఎడంచేత్తో వంచితే సరిపోదండీ. లోపల్నుంచి మీరే లాగాల. ఇలాగే వదిలేస్తే తాడు సుట్టుపక్కలకి అంటుకుపోతాది. ఇంక వేలు పుల్లే."

అర్థమైంది. కానీ ఆయనది బట్టల దుకాణం. ఎప్పటికీ తెగని దారాన్ని ఇంతవరకు చూడలేదు. లాగితే తెగవచ్చు. లాగకపోతే తెగినట్టు ఎవరూ చెప్పలేరు. ఆ భరోసా మీదే బతుకుతున్నాడు.

ఆదివారం. అరసవల్లి గుడి నుంచి తిరిగి వెళ్లే జనం. ఈ మధ్య ఆయన బదులు గుడ్డలు చించుతున్న భార్య అనూరాధ భోజనానికి వెళ్లింది. శ్రీకూర్మం నుంచి ఎప్పుడూ వచ్చే లక్ష్మణమ్మ రవిక గుడ్డ అడిగింది. ఆయన కొలిచి, కత్తెర అందుకున్నాడు.

"కత్తిరేటి బావూ? వంకర పోతాది. సింపు."

"వేలు బాగోలేదమ్మా."

"ఏదీ?" చూసింది. "కట్టు నేదు, పుండు నేదు."

"లోపల. తాడు తెగింది."

"దేన్ని కట్టీసినావేటి, ఆవునా?"

ఆయన నవ్వలేదు. ఆమె చెయ్యి చాచింది. "ఇలగియ్యి. నానే సింపుతాను."

ఆయన తన ముంజేతి వంక చూశాడు. చర్మం కింద కండ ఉబ్బి తగ్గింది. తనను అడగకుండానే. చూపుడువేలు కొద్దిగా వంగింది, ఆగింది, ఇంకాస్త వంగింది. లోపల ఏదో పట్టుకున్నట్టుంది. తెగినప్పుడు ఇలా ఉండదు. తెగినప్పుడు ఏమీ ఉండదు, అది గుర్తుంది.

అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టాడు. కత్తెర పక్కన పెట్టి, గుడ్డను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టుకుని, చించాడు.